నర్సవ్వ కాదన్న శవం

“గీ మనిషి నా పెనిమిటి కాదు సారూ. నిన్న చెప్పిన. గిప్పుడు మల్ల చెప్తున్న. ఇంక పదిసార్లు అడిగినా గిదే మాట.”

నర్సవ్వ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. సిరిసిల్ల ఆసుపత్రి మార్చురీ ముందు మెట్టు మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన చాయ్ గ్లాసును తాగకుండా రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

ఇన్‌స్పెక్టర్ లక్ష్మీరాజం గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పది. 2011 సెప్టెంబరు 22, గురువారం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెకు పదో రోజు. బస్సులు బందై నాలుగో రోజు.

నిన్న సాయంత్రం నాలుగింటికి మస్కట్ నుంచి వచ్చిన శవపేటికను అంబులెన్సు రుద్రంగిలో దింపింది. కాగితాల మీద పేరు మల్లయ్య. వయసు ముప్పై ఎనిమిది. ఒమన్ సరిహద్దు కొండల్లో జూలై 9న మరణం. కారణం ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం. వాడకట్టంతా మల్లయ్య ఇంటి ముందు చేరింది. మూత తీశారు. నర్సవ్వ ఒక్క చూపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. లోపల ఉన్నది ఎవరో పరాయి మనిషి.

జిల్లా క్రైం విభాగంలో గల్ఫ్ పెట్టెల కేసులన్నీ లక్ష్మీరాజం దగ్గరికే వస్తాయి. ఇది పద్నాలుగోది. మొదటి మూడు పెట్టెలప్పుడు అతనికి అన్నం సయించలేదు. తరువాత సయించింది. ఈమధ్య తిన్నా తినకపోయినా తేడా తెలియడం లేదు. భార్య ఉప్పు ఎక్కువైందా అని అడిగితే ఏం చెప్పాలో తోచదు.

నోట్‌బుక్ తీశాడు.

“మల్లయ్య ఎన్నడు పోయిండు?”

“మిలియన్ మార్చ్ నాడు. మార్చి పదో తారీఖు. ఏజెంటు దేవేందర్ జీపు తెచ్చిండు. హైదరాబాద్ పోయేటోళ్లను పోలీసోళ్లు మూడు జాగల ఆపిన్రని ఆయననే ఫోన్ల చెప్పిండు.”

“జీపుల ఇంకెవలన్న ఉన్నరా?”

“ముంగటి సీట్ల ఒకాయన కూసున్నడు. నల్లద్దాలు పెట్టుకున్నడు. మొఖం సక్కగ చూడలే.”

“ఏ దేశం పోయిండు?”

“దుబాయ్.”

“పాస్‌పోర్టు మీద మస్కట్ ముద్ర ఉన్నది.”

“మాకు అన్నీ దుబాయే సారూ.”

“ఆఖరుకు ఎప్పుడు మాట్లాడిండు?”

“రాఖీ పున్నమ నాడు. వాళ్ల చెల్లె రాఖీ తెచ్చి, కట్టేతందుకు అన్న లేడని ఏడ్సింది. ఆమెతోని గూడ మాట్లాడిండు.”

రాఖీ పున్నమ ఆగస్టు 13న వచ్చింది. పెట్టెలోని మనిషి జూలై 9న చనిపోయాడు. మధ్యలో ముప్పై అయిదు రోజులు. లక్ష్మీరాజం చేయి చాచాడు.

“నీ ఫోనియ్యి.”

గీతలు పడ్డ చిన్న నోకియా. పిల్లలు ముట్టుకోకుండా అన్ని మీటలూ లాక్ చేసి పెట్టుకుంది. రాఖీ నాటి కాల్ ఇంకా జాబితాలోనే ఉంది. నంబరు 971తో మొదలైంది. ఒమన్ నంబర్లు 968తో మొదలవుతాయి. 971 అంటే దుబాయ్, షార్జాలున్న పక్క దేశం.

“ఫోన్ల ఏమన్న కొత్త సంగతి చెప్పిండా? చిన్నదైనా సరే.”

నర్సవ్వ ఆలోచించింది. “ఆడ నన్ను వేరే పేరుతోని పిలుస్తరని నవ్విండు. సాయిబుల పేరేదో. యాదికి లేదు. మన పేర్లు వాళ్లకు నోరు తిరగవేమో అనుకున్న.”

లక్ష్మీరాజం రాయడం ఆపాడు. కాసేపు ఆమె వైపు చూసి, ఆ మాటనూ రాసుకున్నాడు.

లోపల హెడ్ కానిస్టేబుల్ రాజమణి పెట్టె పక్కన నిలబడి ఉంది. ఫ్రీజర్ మూగగా ఉంది. బొగ్గు గనుల్లోనూ సమ్మే. కరెంటు రోజుకు ఎనిమిది గంటలు పోతోంది.

“ఐస్ గడ్డలు పెట్టిచ్చినం సార్. సాయంత్రందాక ఆగుతది గావచ్చు. పొద్దున హైదరాబాద్ నుంచి నరహరి సార్ అచ్చి చూసి పోయిండు. ఎవలు రాకుంటె ఆరింటికి పూడ్చిపెట్టమన్నడు.”

నరహరి డీఎస్పీ. అక్రమ ప్రవేశాల నిఘా దళం అని కొత్తగా ఒకటి ఏర్పడితే దానికి అధికారిగా వచ్చినవాడు. 

డాక్టరు రాసిన కాగితం లక్ష్మీరాజం చదివాడు. మృతుడికి సుంతీ అయి ఉంది. రుద్రంగి మల్లయ్యకు అయి ఉండే అవకాశం లేదు.

పెట్టెతో వచ్చిన పాస్‌పోర్టును కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. అన్ని పేజీల కుట్టు దారం పాతబడి పసుపెక్కింది. ఫొటో పేజీ దగ్గర రెండు కుట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. ప్లాస్టిక్ పొర అంచున బియ్యపు గింజంత బుడగ. పేరు మల్లయ్యదే. ఫొటోలో ఉన్నది మాత్రం పెట్టెలోని మనిషి. గోధుమరంగు కోటు వేసుకున్నాడు. కోటు ఎడమ కాలరు చినిగితే ఎవరో తెల్లదారంతో కుట్టారు.

ఆ కోటును లక్ష్మీరాజం అంతకుముందు రెండు కేసుల్లో, ఇద్దరు వేరే మనుషుల ఒంటి మీద చూశాడు. ఇద్దరూ కోరుట్లలో ఒకే స్టూడియోలో ఫొటోలు దిగినవాళ్లు.

“నువ్వు ఈడనే ఉండు రాజమణీ. నేను ఫోన్ చేసేదాక పెట్టెను ఎవలకు ఇయ్యకు. అడిగితె కాగితం అడుగు.”

“కాగితం తెస్తె?”

“నాకు ఫోన్ చెయ్యి.”

*

దారిలో రెండుచోట్ల రాస్తారోకో. కోరుట్ల చేరేసరికి పదకొండున్నర.

స్టూడియోలో చీకటి. యజమాని అస్లం గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని దినపత్రికతో విసురుకుంటున్నాడు. యూనిఫాం చూసి లేచి నిలబడ్డాడు.

“కరెంటు ఎప్పుడొస్తది?”

“పన్నెండుకు సార్. సోమవారం నుంచి గిదే టైము. పొద్దున ఎనిమిదికి పోతది, పన్నెండుకు అస్తది.”

లక్ష్మీరాజం టార్చి వెలిగించాడు. తెల్ల తెర. రెండు లైట్ల స్టాండ్లు. మేకుకు వేలాడుతున్న గోధుమరంగు కోటు. కాలరు తిప్పి చూశాడు. తెల్లదారం కుట్టు ఉంది. మూలన బల్ల మీద లామినేషన్ మిషన్. దాని ముందు వంగి, రోలర్ల మధ్యకు టార్చి కొట్టి ఒక నిమిషం చూశాడు. బల్ల కింద చూశాడు. వెనుక గది తలుపు తీసి చూశాడు. ఇన్వర్టర్ లేదు, బ్యాటరీ లేదు, జనరేటర్ లేదు.

పాస్‌పోర్టు తెరిచి అస్లం ముందు పెట్టాడు.

“ఈయన ఎవలు?”

అస్లం కళ్లు ముందు ఫొటో మీద, తరువాత పేరు మీద పడ్డాయి. 

“ఖాలిద్ భాయ్ సార్. రాయికల్ జరీనాబీ కొడుకు. పేరు తప్పున్నది.”

“ఫొటో ఎప్పుడు దిగిండు?”

“ఫిబ్రవరి ఆఖర్ల. గవర్నమెంటు ఆఫీసులన్నీ బంద్ పెట్టిన్రు గదా, గప్పుడు. జగిత్యాల దేవేందర్ తోలుకచ్చిండు. రుద్రంగి నుంచి ఇంకొకాయనను గూడ తెచ్చిండు. ఇద్దరికి గీ కోటే తొడిగిన.”

“ఫొటోలు ఎవలు తీస్కపోయిన్రు?”

“ఇద్దరివి దేవేందరే. ఎందుకు సార్, ఖాలిద్ భాయ్ మంచిగున్నడా?”

లక్ష్మీరాజం జవాబు చెప్పేలోపే గుమ్మంలో బూట్ల చప్పుడు. నరహరి ఇద్దరు కానిస్టేబుళ్లతో లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా. చేతిలో ఫైలు.

“లక్ష్మీరాజం గారూ, నాకన్నా ముందే వచ్చారే. మంచిది. పంచనామాకి మీ సంతకం కూడా ఉంటుంది. ఇతన్ని తీసుకెళ్తున్నాను.”

“దేని మీద?”

“దొంగ పాస్‌పోర్టులు. శవాన్ని చూశారుగా? పేరొకటి, మతమొకటి. తూర్పు సరిహద్దు దాటొచ్చిన వాళ్లకి ఇక్కడ మన వాళ్ల పేర్లు పెట్టి, మన పాస్‌పోర్టులు చేతికిచ్చి గల్ఫ్‌కి ఎక్కిస్తున్నారు. రేపు పొద్దున పత్రికల వాళ్ల ముందు పెడతాం.”

అస్లం గోడకు ఆనుకున్నాడు. “మా తాత గూడ కోరుట్లనే సార్,” అన్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

“మీకు సమాచారం ఎవరిచ్చారు?” లక్ష్మీరాజం అడిగాడు.

“అది చెప్పను. కానీ గట్టి సమాచారం. మొన్న సోమవారం పొద్దున పదకొండింటికి, ఈ గదిలో, అదిగో ఆ మిషన్ మీద పాస్‌పోర్టు పేజీ అతికిస్తుంటే కళ్లారా చూసిన మనిషి ఉన్నాడు.”

“లైటు వెయ్యండి.”

“ఏంటి?”

“స్విచ్చు మీ పక్కనే ఉంది. వెయ్యండి.”

నరహరి విసుగ్గా స్విచ్చు నొక్కాడు. చీకటి అలాగే ఉంది.

“సోమవారం నుంచి కోరుట్లలో ఎనిమిదింటికి కరెంటు పోయి పన్నెండింటికి వస్తోంది. పదకొండింటికి ఆ మిషన్ దేనిమీద తిరిగింది? ఇన్వర్టర్ ఉందేమో వెతకండి. నేను వెతికాను.”

నరహరి చీకట్లో గది చుట్టూ చూశాడు. లక్ష్మీరాజం అతని చేతికి టార్చి ఇచ్చి మిషన్ వైపు చూపించాడు. రెండు రోలర్ల నడుమ సాలెగూడు. గూటిలో ఎండిపోయిన ఈగలు.

“బెల్టు తెగి రెండేండ్లయింది సార్,” అస్లం మెల్లగా అన్నాడు. “అమ్ముదామంటె ఎవలు కొంటలేరు.”

“మీకు చెప్పిన మనిషి ఈ షాపుకు వచ్చినవాడే,” అన్నాడు లక్ష్మీరాజం. “మిషన్ ఏ మూలన ఉందో తెలుసు. చెడిపోయిందని తెలియదు. సోమవారం పదకొండింటికి తన ఊళ్లో కరెంటు ఉంది కాబట్టి ఇక్కడా ఉందనుకున్నాడు. జగిత్యాలలో పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం పోతుంది. ఆ ఫొటోలను ఇక్కడినుంచి తీసుకుపోయినవాడు జగిత్యాల దేవేందర్. మీకు చెప్పిందీ అతనే.”

నరహరి టార్చి ఆర్పేశాడు.  దాన్ని తిరిగి లక్ష్మీరాజం చేతిలో పెట్టాడు.

“చనిపోయినవాడు రాయికల్ మనిషి,” లక్ష్మీరాజం అన్నాడు. “సరిహద్దు దాటిన మాట నిజమే. కానీ దాటింది మనది కాదు. ఇక్కడి నుంచి పోయి వాళ్లది దాటబోయాడు.”

“అది మీ ఊహ. సొంత రక్తసంబంధం ఉన్న మనిషి వచ్చి శవాన్ని గుర్తుపట్టి సంతకం పెట్టాలి. ఆరింటిలోపు. లేకపోతే నా రిపోర్టే ఖాయం.”

“ఎందుకింత తొందర?”

“ఫ్రీజర్ పనిచేయడం లేదు కదండీ.” ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చింది. ఫైలును చంకలోకి జరుపుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లలో ఒకరిని అస్లం దగ్గర కాపలా ఉంచి, వెళ్లిపోయాడు.

ఆ ఫైలులో ఏదో ఉంది. ఏముందో లక్ష్మీరాజానికి అప్పటికి తెలియదు.

*

జగిత్యాలలో దేవేందర్ ట్రావెల్స్ షట్టరు సగం దించి ఉంది. ఒకటీ ఇరవై. లోపల దేవేందర్ టిఫిన్ డబ్బా విప్పుకుని తింటున్నాడు. నలభై దాటని మనిషి. బొట్టు, చేతికి ఎర్రదారం, జేబులో రెండు ఫోన్లు.

“రాండ్రి సార్. తింటరా?”

“తిను. తినుకుంట చెప్పు. రుద్రంగి మల్లయ్యను ఏ దేశం తోలినవ్?”

“మస్కట్. ఖజ్జూరం తోటల పని. పాపం, సచ్చిపోయిండట గదా. నేనే విమానం ఎక్కిచ్చి చెయ్యి ఊపిన సార్.”

“సచ్చినంక ముప్పై అయిదు దినాలకు పెండ్లానికి ఫోన్ చేసిండు.”

దేవేందర్ చేయి డబ్బాలోనే ఆగింది. “తారీకు తప్పు చెప్పింది గావచ్చు. ఆమెకు సదువు రాదు.”

“ఫోనుకు వస్తది. ఆగస్టు పదమూడు అని అదే చెప్తున్నది. నంబరు 971.”

“మస్కట్ నంబరే షార్జా దిక్కు పోతె గట్ల పడ్తది.”

“గట్ల పడదు. నువ్వు పదేండ్ల సంది గీ దందలో ఉన్నవ్. నాకు తెల్సిన సంగతి నీకు తెల్వదా?” లక్ష్మీరాజం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. అతని గొంతు పెరగక చాలా కాలమైంది. “అస్లం మిషన్ మీద పేజీ అతికిస్తుంటె చూసినవట, సోమవారం పదకొండింటికి. ఆ మిషన్ల సాలెపురుగు గూడు కట్టుకున్నది. డీఎస్పీ దొరకు అబద్ధం చెప్పినవ్. రేపు ఆయన మీదికి మాటొస్తె ముందు నిన్నే ఇరికిస్తడు. గిప్పుడు చెప్తె నాకు చెప్పినట్టు. తర్వాత చెప్తె ఆయనకు చెప్పినట్టు.”

దేవేందర్ డబ్బా మూతపెట్టాడు. చేతులు కడుక్కోలేదు.

“రెండు వీసాలచ్చినయ్ సార్. ఉల్ట అచ్చినయ్.”

“సక్కగ చెప్పు.”

“మల్లయ్య పేరు మీద మస్కట్ అచ్చింది. ఖాలిద్ పేరు మీద షార్జా అచ్చింది. ఖాలిద్ అంతకుముందు దుబాయ్‌ల కంపెనీ ఇడిసి, కాగితాలు లేకుంట తిరిగిండు. రెండువేల ఏడుల క్షమాభిక్ష పెడితె దొరికి ఇంటికచ్చిండు. పంపేటప్పుడు కన్ను స్కాన్ తీస్తరు సార్. పేరు మార్చుకోవచ్చు, కన్ను మార్చుకోలేం. షార్జాల దిగంగనే పట్టుకుంటరు. మస్కట్‌ల గా స్కాన్ లేదు.”

“అందుకే ఫొటోలు మార్చినవ్.”

“ఖాలిద్‌ను మల్లయ్య జేసి మస్కట్ తోలిన. మల్లయ్యను ఖాలిద్ జేసి షార్జా తోలిన. మల్లయ్య కన్ను సాఫ్ సార్, స్కాన్ల పాసయిండు. పాస్‌పోర్టులు విమానాశ్రయంల ఇచ్చిన. భయపడ్డడు. ఏం గాదు, ఎవలన్న అడిగితె ఖాలిద్ అను అన్న.”

“ఖాలిద్ కొండల్లకు ఎందుకు పోయిండు?”

“తోట పని పడలే. కొండలు దాటితె దుబాయ్ వాళ్ల దేశమే గదా, పాత దోస్తులున్నరు, కార్ఖానాల పని దొరుకుతదన్నడు. నేను వద్దన్న. నడిసి పోయిండు. మూడోనాడు గొర్లు కాసేటోళ్లకు దొరికిండట.”

“ఆ సంగతి నీకెప్పుడు తెల్సింది?”

దేవేందర్ కిందికి చూశాడు. “జూలైలనే.”

“మల్లయ్య గిప్పుడు ఏడున్నడు?”

“నాకు తెల్వది సార్.”

ఇది అబద్ధమని లక్ష్మీరాజానికి తెలిసింది. కానీ గడియారం రెండు దాటింది. దేవేందర్‌ను ఠాణాకు పంపి, జీపును రాయికల్ వైపు తిప్పించాడు. దారిలో ఎక్కడో తనకు ఆకలి వేయాలని గుర్తుకొచ్చింది. వేయలేదు.

*

జరీనాబీ ఇంటి ముందు గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అరవై దగ్గర పడిన మనిషి. పోలీసును చూసి చాట పక్కన పెట్టలేదు. కొంగు మాత్రం తల మీదికి లాక్కుంది.

“కూసోండి సాబ్. కుర్చీ లేదు, గా పెట్టె మీద కూసోండి.”

లక్ష్మీరాజం కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఫొటో చూపించాడు.

“ఈయన మీ కొడుకేనా అమ్మా?”

ఆమె చూసింది. మొహం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. “మీకు ఎట్ల దొరికింది? ఖాలిద్‌ను పట్టుకున్నరా?”

“ముందు మీరు చెప్పండి. ఖాలిద్ ఏడున్నడు?”

ఆమె వేళ్ల మధ్య తునికాకు తిరుగుతోంది. దారం చుట్టుకుంటోంది.

“మీ దగ్గర ఏదో ఉన్నది. చూపెట్టండి.”

ఆ బీడీకి ముడి వేసి లేచి లోపలికి పోయి, ఖురాన్ పెట్టుకునే గూట్లోంచి రెండు కవర్లు తెచ్చింది. ఒకటి చించి ఉంది. ఒకటి విప్పనే లేదు.

“రంజాన్ పండుగైన వారానికి గిది అచ్చింది. ఇంగ్లీషు. దేవేందర్‌ను పిలిచి చదివిచ్చిన.”

లక్ష్మీరాజం చదివాడు. దుబాయ్‌లోని మన కాన్సులేటు నుంచి. ఖాలిద్ పేరిట పాస్‌పోర్టు ఉన్న ఒక మనిషిని ఆగస్టు 20న షార్జాలో అరెస్టు చేశారు. పాస్‌పోర్టు తనిఖీలో ఫొటో మార్చినట్టు తేలింది. తాను ఖాలిద్ కాదనీ, తన పేరు మల్లయ్య అనీ, ఊరు రుద్రంగి అనీ అతను చెబుతున్నాడు. జతచేసిన ఫొటో చూసి, ఇతను మీ కొడుకు అవునో కాదో వెంటనే తెలపండి.

ఫొటోలో గుండు గీసిన తల, లోతుకుపోయిన కళ్లు. నిన్న రుద్రంగి పోయినప్పుడు నర్సవ్వ ఇంటి గోడ మీద పెళ్లి ఫొటోలో చూసిన మనిషే.

“గీ ఫొటో మీరు చూసిన్రా అమ్మా?”

“చూసిన.”

“మీ కొడుకు కాదని తెల్సు.”

“తెల్సు.” ఆమె చేతులు ఆగలేదు. “దేవేందర్ అన్నడు. నీ కొడుకు కొండలు దాటి దుబాయ్‌ల మంచిగ పని చేసుకుంటున్నడు, దాసుకుని ఉన్నడు. అందుకే ఫోన్ చేస్తలేడు. నువ్వు గిట్ల జవాబిస్తె అసలు ఖాలిద్ ఏడున్నడని వాళ్లు దేవులాడుతరు, దొరుకుతడు, లోపలేస్తరు. ఊకో అన్నడు. ఊకున్న సాబ్. గాయన ఎవలో నాకు తెల్వది. నా కొడుకు నాకు తెల్సు.”

జూలైలోనే ఖాలిద్ చనిపోయిన సంగతి తెలిసిన మనిషి సెప్టెంబరులో తల్లికి చెప్పిన మాట అది.

“రెండోది ఎందుకు విప్పలే?”

“భయమైంది. నాలుగు దినాలాయె అచ్చి.”

లక్ష్మీరాజం కవరు చించాడు. ఒక్క పేజీ. రెండుసార్లు చదివాడు.

మల్లయ్యనని చెప్పుకుంటున్న మనిషి గురించి హైదరాబాదులోని అక్రమ ప్రవేశాల నిఘా దళాన్ని అడిగాం. రుద్రంగి మల్లయ్య ఒమన్‌లో మరణించినట్టు ధ్రువపత్రం ఉన్నదనీ, ఈ మనిషి చెప్పేది అబద్ధమనీ, భారతీయుడని నమ్మడానికి ఆధారం లేదనీ డీఎస్పీ నరహరి సంతకంతో సెప్టెంబరు 8న జవాబు వచ్చింది. చనిపోయిన మనిషి పేరు మీద మేము ఇంటికి పోయే కాగితం ఇవ్వలేము. ఈ నెల 26లోగా ఏ కుటుంబమూ రుజువు చూపకపోతే, ఏ దేశానికీ చెందని వ్యక్తిగా ఇతన్ని అక్కడి అధికారులకు వదిలేయవలసి ఉంటుంది.

చంకలో నొక్కిపట్టుకున్న ఫైలులో ఏముందో ఇప్పుడు తెలిసింది. నరహరి రుద్రంగికి ఒక కానిస్టేబుల్‌ను కూడా పంపకుండా ఆ జవాబు రాశాడు. పెట్టె వచ్చి, మూత తీసి, నర్సవ్వ కాదన్నాక తన తప్పు తెలిసింది. శవం మట్టిలోకి పోతే, దాని మీద పరాయి దేశపు చొరబాటుదారు అని రాసేస్తే, జవాబు నిలబడుతుంది. ఒక మనిషి ఎక్కడో ఎడారి జైలులో, ఎవరికీ చెందకుండా మిగిలిపోతాడు.

“ఏమున్నది సాబ్ గండ్ల?”

లక్ష్మీరాజం చెప్పాడు. జూలై 9. ఒమన్ కొండలు. నీళ్లు దొరకలేదు. పెట్టె సిరిసిల్లలో ఉంది. టైమెంతైందో చెప్పే గొంతుతోనే చెప్పాడు. పద్నాలుగు పెట్టెల తరువాత అతనికి వేరే గొంతు మిగలలేదు.

జరీనాబీ చేతిలోని బీడీని పూర్తిగా చుట్టింది. దారం తెంపింది. చాటలో పెట్టింది. ఇంకో ఆకు అందుకోబోయి, ఆకును చేతిలోనే ఉంచుకుని కూర్చుంది.

“అద్దాలుంటయ్ వానికి,” అంది. “ఎండ పడదు కండ్లకు. అద్దాలున్నయా పెట్టెల?”

“లేవు అమ్మా.”

“ఊఁ.”

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఎంతసేపు గడిచిందో లక్ష్మీరాజం చూసుకోలేదు. అలా చూసుకోకపోవడం ఆ రోజు అదే మొదటిసారి.

“గాయన… జైల్ల ఉన్నాయన. పిల్లలున్నరా?”

“ఇద్దరు. పెద్దది ఏడోది చదువుతున్నది.”

“పదిహేను దినాలు సప్పుడు జెయ్యకున్న సాబ్ నేను.” ఆమె చాటను దించి లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుంది. “నేనేం చెయ్యాలె, చెప్పండి.”

“శవాన్ని చూసి, మీ కొడుకని సంతకం పెట్టాలె. ఆరింటిలోపు. మీరు పెడితె మల్లయ్య బతికున్నట్టు లెక్క.”

“నేను పెడితె ఖాలిద్ సచ్చిపోయినట్టు లెక్క.”

లక్ష్మీరాజం లేచాడు. గుమ్మం పక్కన ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే వంగి, వాటిని ఆమె కాళ్ల దగ్గరికి జరిపాడు.

మూడూ నలభైకి జీపు కదలబోతుండగా ఫోన్ మోగింది. రాజమణి.

“సార్, నరహరి సార్ ఆరు దాక ఆగలే. కాగితం తెచ్చిండు, బండి తెచ్చిండు. గుంత తవ్విచ్చిండట. నేను ఆపుదామంటె సంతకం చూపెట్టిండు.”

“పెట్టె ఎక్కిచ్చిన్రా?”

“లేదు సార్. నర్సవ్వ పెట్టె మీద ఎక్కి కూసున్నది. దిగుమంటె దిగుతలేదు. గీ మనిషి నా పెనిమిటి కాదు, గని ఎవలో ఒకలకు కావాల్నాయె, వాళ్లచ్చేదాక లేవ అంటున్నది. ఆసుపత్రి ముంగట ధర్నాకు కూసున్నోళ్లంత లోపలికచ్చి సుట్టు నిలబడ్డరు. నరహరి సార్ ఫోర్సు కోసం ఫోన్ చేస్తున్నడు. గంట, గంటన్నర. అంతకంటె ఆగదు సార్.”

రాయికల్ నుంచి సిరిసిల్లకు రెండు గంటల దారి, మధ్యలో రాస్తారోకోలు లేకపోతే.

“ఫోన్ నర్సవ్వకియ్యి,” అన్నాడు లక్ష్మీరాజం. ఏం చెప్పాలో అతనికి తోచలేదు. నీ భర్త జైలులో ఉన్నాడని చెప్పాలా, బతికే ఉన్నాడని చెప్పాలా, ఏది ముందు చెప్పాలి? నోరు తెరిచాడు. మాట రాలేదు. 

రాజమణి చెప్పిందంతా వెనుక సీటుదాకా వినిపించింది. జరీనాబీ చేయి చాచి ఫోన్ తీసుకుంది.

“హలో,” అవతల నర్సవ్వ అలసిన గొంతు. “ఎవలు?”

జరీనాబీ కొంగు సర్దుకుంది.

“గా పెట్టెల ఉన్నోని తల్లిని బిడ్డా. అస్తున్న. నీ పెనిమిటి బతికే ఉన్నడు. నేనచ్చి అందరి ముంగట చెప్త. నువ్వు మాత్రం లేవకు.”